ఆఱవ కుమారుని పాలు

వైరాగ్యమనగానే మన యర్రగొండపాలెపు ప్రాంతమువారికి శ్రీశైలపు అడవిదారిన పోవు కాషాయధారి మనస్సున మెదలును. ఎద్దు, నాగలి, పిల్లాజెల్లా గల సంసారికి చెప్పిన మాట కాదది యని తలంచి ఊరకుందుము. కాని భగవానుడు గీతను బోధించినది అడవిలో తపసికి గాదు. రణభూమిలో పని మానుకొనబోయిన గృహస్థునకు.

ఆ బోధ పొలముగట్టు వఱకు దిగివచ్చిన సందర్భ మొకటి తెలుగునేలపైననే జరిగినది. 1932వ సంవత్సరమున వినోబా భావేగారు ధూలియా కారాగృహములో తోడి ఖైదీలకు, వారమునకొక అధ్యాయము చొప్పున, 18 ఆదివారములు గీతార్థమును వివరించిరి. సానే గురూజీగారు వానిని వ్రాసికొనిరి. పందొమ్మిదేండ్ల పిదప ఆ వినోబాగారే తెలంగాణమున కాలినడకన బయలుదేఱిరి. అప్పటి కచ్చట భూమికొఱకు నెత్తురు చిందుచుండెను.

1951 ఏప్రిల్ 18వ తేదీన ఆయన పోచంపల్లి చేరిరి. అది మనకు ఉత్తరమున, కృష్ణ కావల, నాటి నల్లగొండ జిల్లాలోనిది. ఆ యూరి దళిత కుటుంబములు నలుబది. తమకు 80 ఎకరములున్నచో కష్టపడి బ్రతుకుదుమని వారు విన్నవించుకొనిరి. ప్రభుత్వముమాట యటుండనిండు, ఈ యూరివారిలో ఈయగలవారు కలరా యని వినోబాగారు అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, తండ్రిగారి కోరికను తలచుకొని, 100 ఎకరములు ఇచ్చెదననిరి. అడిగినది ఎనుబది, ఇచ్చినది నూఱు! అందులకై ఆయన సన్న్యసింపలేదు సుమా. ఆ యాత్ర ముగియునప్పటికి, 51 దినములలో, 12 వేల ఎకరములకు పైగా భూమి వచ్చినది.

వినోబాగారు అడిగిన తీరును గమనింపుడు. ఐదుగురు కొడుకులున్నవారు నన్ను ఆఱవవానిగా నెంచి నా పాలు నాకీయుడని యడిగెడివారు. దానమనగా పంచుకొనుటయే యని శంకరులు చెప్పిన యర్థమును ఆయన తఱచు స్మరించెడివారు. భిక్ష వేసినచో ఇచ్చువాని చేయి పైన నుండును. పాలు పంచినచో, ఇది మొదటినుండియు నాది మాత్రమే కాదని యొప్పుకొనవలెను. కష్టమంతయు అచ్చటనే యున్నది.

నిజమును దాచరాదు. పిమ్మట దేశమంతట వచ్చిన భూదానములలో రాతినేలలు, తగవులలోని నేలలు పెక్కు. కాగితముపై నిలిచి బీదలకు చేరనివియు పెక్కు. పనికిరాని చెలక నిచ్చి పేరు పుచ్చుకొన్నవాని మమకారము పోలేదు. నేలనుండి పేరుమీదికి మాఱినది, అంతే.

ఒరుల నననేల? బడిలో గీతాశ్లోకములు వల్లె వేయించిన నేను, సాలు వెడల్పు గట్టుకై మా అన్నగారితో ఏడేండ్లు మాటలాడలేదు. వకీలునకు పోసిన సొమ్ముతో అంతకు పదింతల నేల వచ్చియుండెడిది. ఒకనాడు పోచంపల్లి వృత్తాంతము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, తమరెంత ఇచ్చినారు?" అని యడిగెను. వాడు ఎగతాళికి అడుగలేదు. నాకు మాట పెగలలేదు.

ఆ సంక్రాంతికి నేనే అన్నగారి గడప త్రొక్కితిని. గట్టు సంగతి ఆయన ఎత్తలేదు, నేనును ఎత్తలేదు. వదినగారు విస్తరి వేసిరి.