ఉప్పల్ దాటితేనే ల్యాబ్

2024 సెప్టెంబరు. పొద్దున ఎనిమిది కావస్తోంది. నాచారం పారిశ్రామికవాడ గేట్ల ముందు రాత్రి కురిసిన వాననీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద ఒదిగి కూర్చున్నావు. తొమ్మిదిన్నరకు మిడ్ ఎగ్జామ్. హబ్సిగూడ, ఎన్జీఆర్ఐ దాటి ఉప్పల్ రింగ్‌రోడ్డులో దిగావు.

సికింద్రాబాద్, రామంతాపూర్, నాగోల్, వరంగల్ — నాలుగు వైపుల నుంచీ బండ్లే. అవతల ఘట్‌కేసర్ బస్సు కదలబోతోంది. తలెత్తితే స్కైవాక్. పోయినేడాది జూన్‌లోనే తెరిచారు. మెట్లెక్కి వెళ్తే బస్సు అందదు. అడ్డంగా పరిగెడితే అందొచ్చు.

కాలు వేశావు. హారన్. లారీ. వెనక్కి! మళ్లీ వేశావు. బైకు. మోకాలికి గాలి కొట్టింది. వద్దు. మెట్లెక్కు.

బస్సు పోయింది. పోనీ.

తర్వాతి దాంట్లో కాలు పెట్టే చోటు లేదు. "లోపలికి జరుగుండ్రి!" కండక్టరమ్మ అరుస్తోంది. "ఈడ పట్టుకో బిడ్డా," ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ మడిచి కొంగున కట్టుకుంటూ ఓ పెద్దమ్మ కడ్డీ మీద చోటిచ్చింది. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి. గుంత. బ్రేకు. భుజం వెళ్లి కడ్డీకి కొట్టుకుంది. కిటికీ బయట పిల్లర్లు, పైన దారి లేని పిల్లర్లు. నారపల్లి దాకా ఫ్లైఓవర్ అంటూ 2018లో పని మొదలుపెట్టారు. అప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి. ఇప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్.

హైవే వదిలి వెంకటాపూర్. మెడలో ట్యాగ్ సరిచేసుకుని అనురాగ్ యూనివర్సిటీ గేటు దాటావు. 2002లో ఇది సీవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ. ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చాక, 2020లో యూనివర్సిటీ అయింది. అందుకే అనుబంధ కాలేజీల పట్టాల్లా నీ పట్టా మీద జేఎన్‌టీయూ పేరుండదు. సిలబస్ రాసేదీ, పట్టా ఇచ్చేదీ ఇక్కడే.

పరీక్ష ముగిసింది. కారిడార్‌లో సార్ ఆపారు. "నా పరిశోధన ప్రాజెక్టులో చేరతావా? సాయంత్రం ఆరున్నర దాకా ల్యాబ్‌లో ఉండాలి."

ఛాతీలో గుండె ఒక్కసారి ఎగిరింది. వెంటనే రోడ్డు గుర్తొచ్చింది. హాస్టల్ వాళ్లకైతే ల్యాబ్ నుంచి మెస్ దాకా నడక, అంతే. నీకు చీకట్లో మళ్లీ అవే గుంతలు, అదే కడ్డీ, అదే ఉప్పల్. పరిశోధన గంట కొట్టగానే ఆగే పని కాదు. రీడింగ్ మధ్యలో వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. ఆగిపోయిన ఆ ఫ్లైఓవర్ ఇంతకాలం తిన్నది డీజిల్ ఒక్కటే కాదు, నీలాంటి వాళ్ల సాయంత్రాలు కూడా.

సార్ కాగితం ముందుకు జరిపారు. వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. పేరు రాస్తావా?