ట్రెయిట్ అంటే జబ్బు కాదు, మరిచిపోయే మాట కూడా కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మనలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు, భద్రాచలం వైపు నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నం. పొద్దున ఐదింటికే పరుగు మొదలుపెడతం. కానిస్టేబుల్ ఉద్యోగం కావాలంటే అబ్బాయిలు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు టైం లోపల ఉరకాలె. ఇంకోపక్క మన ఊళ్లలో సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నయి, కార్డులు వస్తున్నయి. ‘ట్రెయిట్’ అని తేలితే కొందరు ‘ఏం కాదు, ఊకె ఉండు’ అంటరు. ఇంకొందరు ‘ఇగ ఉద్యోగం రాదు, పెండ్లి కాదు’ అంటరు. ఈ రెండు మాటలూ కొత్తవి కావు. మనకంటే ముందు వేరే దేశాలల్ల చాలామంది ఈ రెండింటి మధ్య నలిగిపోయిన్రు. ఆ చరిత్ర మనకు తెలిసి ఉండాలె.

1910లో అమెరికాలోని చికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టర్ ఒక రోగి గురించి రాసిండు. ఆ రోగి వాల్టర్ క్లెమెంట్ నోయెల్, గ్రెనడా దీవి నుంచి పళ్ల డాక్టర్ చదువు కోసం వచ్చిన నల్లజాతి విద్యార్థి. మనలాగే ఊరు విడిచి చదువుకు వచ్చినవాడు. అతని రక్తకణాలు కొడవలి ఆకారంలో కనిపించినయి. 1949లో లైనస్ పౌలింగ్ బృందం తేడా హిమోగ్లోబిన్‌లోనే ఉందని తేల్చింది. అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ ఈ జన్యువు వస్తే జబ్బు, ఒక్కరి నుంచే వస్తే ట్రెయిట్. ట్రెయిట్ ఉన్నవాళ్ల రక్తంలో మామూలు హిమోగ్లోబినే ఎక్కువ ఉంటది. అందుకే రోజువారీ జీవితంలో వాళ్లకు ఏ ఇబ్బందీ తెలియదు.

మన దేశంలో 1952లో నీలగిరి కొండల ఆదివాసీలలో దీన్ని గుర్తించిన్రు. తర్వాత మన తెలంగాణలో గోండులు, కోలాములు, పర్ధానులు, కోయలలో కూడా ఉందని పరిశోధనలు చెప్పినయి. మనలోనే ఎందుకు? 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో దీనికి జవాబు చూపించిండు. ట్రెయిట్ ఉన్న పిల్లలకు మలేరియా ప్రాణం మీదికి రావడం తక్కువ. అంటే అడవిలో దోమల మధ్య బతికిన మన ముందుతరాలను కాపాడిన జన్యువు ఇది. శాపం కాదు, ఎవరి పాపమూ కాదు.

అయితే ‘ఏం కాదు’ అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. 1968-69లో అమెరికాలోని టెక్సస్‌లో, ఫోర్ట్ బ్లిస్ అనే సైనిక శిబిరంలో నలుగురు నల్లజాతి రిక్రూట్లు శిక్షణలో కుప్పకూలి చనిపోయిన్రు. నలుగురికీ ట్రెయిట్ ఉంది. 1987లో వచ్చిన ఇంకో అధ్యయనం 1977 నుంచి 1981 దాకా శిక్షణ పొందిన 20 లక్షల మంది రిక్రూట్ల లెక్కలు చూసింది. నల్లజాతి రిక్రూట్లలో ట్రెయిట్ ఉన్నవాళ్లలో కారణం తెలియని ఆకస్మిక మరణాలు లక్షకు 32 దాకా ఉంటే, లేనివాళ్లలో లక్షకు 1 దాకా ఉన్నయి. ఎండ, నీళ్లు తాగకపోవడం, అలవాటు లేకుండా ఒకేసారి గట్టిగా ఉరకడం, ఇవి ప్రమాదాన్ని పెంచుతయి. అప్పుడు కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థం రక్తంలో కలుస్తది, కిడ్నీలు పాడైతయి.

ఇంకొన్ని కూడా గుర్తుంచుకోవాలె. ట్రెయిట్ ఉన్న కొందరికి నొప్పి లేకుండానే మూత్రంలో రక్తం పడుతది. చాలా ఎత్తైన కొండ ప్రాంతాలకు పోతే తిల్లి, అంటే ప్లీహం దెబ్బతిని ఎడమ పక్క డొక్కలో విపరీతమైన నొప్పి రావచ్చు. కంటికి దెబ్బ తగిలి లోపల రక్తం చేరితే చూపుకు ప్రమాదం ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లకు వచ్చే ఒక రకం కిడ్నీ క్యాన్సర్ కూడా ఉంది కానీ చాలా అరుదు. ఇవి అందరికీ వచ్చేవి కావు. కానీ మూత్రంలో రక్తం పడితే ‘వేడి చేసింది’ అని వదిలేయొద్దు.

ఇప్పుడు రెండో మాట సంగతి. 1968లో నోబెల్ గ్రహీత అయిన అదే పౌలింగ్, ఈ జన్యువు ఉన్నవాళ్ల నుదుటి మీద పచ్చబొట్టు వేయాలని రాసిండు! 1970లలో అమెరికాలో ట్రెయిట్ ఉన్నవాళ్లకు ఉద్యోగాలు, బీమా నిరాకరించిన ఘటనలు జరిగినయి. వాళ్ల ఎయిర్‌ఫోర్స్ అకాడమీ 1981 దాకా ట్రెయిట్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదు. గ్రీసులో ఓర్ఖోమెనోస్ అనే ఊళ్లో అందరికీ పరీక్షలు చేసిన్రు. కొన్నేండ్ల తర్వాత చూస్తే, సంబంధాలు తప్పిపోతయన్న భయంతో కొందరు తమకు ట్రెయిట్ ఉన్న సంగతే దాచిన్రు. సిగ్గు పుట్టించిన పరీక్ష వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

మరి దారి ఏది? సైన్యమే చూపించింది. అందరికీ నీళ్లు, అందరికీ విశ్రాంతి, మెల్లమెల్లగా పెంచే శిక్షణ అని నియమం పెట్టిన్రు. 2016లో దాదాపు 48 వేల మంది నల్లజాతి సైనికుల లెక్కలు చూస్తే, ట్రెయిట్ ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువ లేవు. కండరాలు దెబ్బతినే ప్రమాదం మాత్రం 54 శాతం ఎక్కువ. అంటే మనిషిని పక్కన పెట్టే అవసరం లేదు, శిక్షణ పద్ధతి మార్చితే చాలు.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. మంచిదే. అయితే కార్డు ఇచ్చి పంపితే సరిపోదు, మన భాషలో, గోండిలో, కోయలో కూర్చోబెట్టి చెప్పాలె. మన శామీర్‌పేటలోనే జీనోమ్ వ్యాలీ ఉంది. జన్యువుల మీద అంత పెద్ద పని జరిగే చోటుకు దగ్గరలో ఉండి మన కార్డులో ఏముందో మనకే అర్థం కాకపోతే ఎట్లా?

మనం చేయగలిగేవి ఇవి. పరుగుకు పోయే ప్రతి గ్రూపూ, ట్రెయిట్ ఎవరికుందని అడగకుండా, అందరికీ నీళ్లు పెట్టాలె. జ్వరం వచ్చినవాళ్లను ఆ రోజు ఉరికించొద్దు. ఎవరైనా కాళ్లు బలహీనమైతున్నయి అంటే ‘డ్రామా’ అనొద్దు. ఆపి, నీడకు తీసుకుపోయి, చల్లబరిచి, తగ్గకపోతే వెంటనే దవాఖానకు పోవాలె. అక్కడ డాక్టర్‌కు ట్రెయిట్ సంగతి చెప్పాలె. పెండ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలె. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇది తెలుసుకుని ఆలోచించుకోవడానికే, ఎవరినీ వెలివేయడానికి కాదు.

నుదుటి మీద పచ్చబొట్టు కథ మన కార్డుకు పట్టకుండా చూసుకునే బాధ్యత మనదే. మీ ఊళ్లో పరీక్షలు ఎట్లా జరిగినయో, ఎవరైనా అర్థమయ్యేటట్టు చెప్పిన్రో లేదో కింద రాయండి. జోహార్.