పసుపు గూటి పుట్టింటి కథ

కోలారు బంగారం అనగానే ఎవరికైనా కేజీఎఫ్ గుర్తొస్తుంది. ఛాంపియన్ రీఫ్, మారికుప్పం, కోరమండల్, భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గనులు, 2001 ఫిబ్రవరి 28న వాటికి పడిన తాళం. పట్టు పరిశోధకుల లెక్కలో మాత్రం ‘కోలార్ గోల్డ్’ ఒక పట్టుపురుగు. ఏడాది పొడుగునా పంటకొచ్చే జాతి తల్లికీ, సీఎస్‌ఆర్-2 అనే తెల్లగూటి జాతి తండ్రికీ పుట్టిన సంకరం. గని పేరు తెచ్చి పురుగుకు పెట్టిందెవరో గానీ రసికులే.

పేరు సంగతి అలా ఉంచితే, నన్ను పట్టుకున్నది రంగు. మాలూరు, ములబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు తరాలుగా పెంచే ఇలాంటి సంకరం, అంటే క్రాస్ బ్రీడ్, వాళ్ల నోట సీబీ, పసుపు గూడు కడుతుంది. తండ్రి గూడేమో సున్నం కొట్టినట్టు తెలుపు. తల్లి మైసూరు నాటు జాతి, దాని గూడు పచ్చఛాయ తిరిగిన పసుపు. తెలుపూ పసుపూ కలిస్తే సగం సగం రావాలి కదా, కొన్నయినా తండ్రి పోలిక పడాలి కదా? పడవు. పురుగులు గూళ్లు కట్టే చంద్రిక నిండా ఎక్కడ చూసినా పసుపే.

గూడు కట్టకముందే ఆ రంగును కనిపెట్టొచ్చు. నాలుగు జ్వరాలు, అంటే చర్మం విడిచే నిద్రలు, దాటి, రాత్రీ పగలూ ఆకు మేసే పురుగును వేలి మీదికి ఎత్తి వెలుతురులో చూస్తే పొట్ట కింది మెత్తటి కాళ్లు లేత పసుపుగా ఉంటాయి. దాని నెత్తురే పసుపు. ఆ రంగును పురుగు సొంతంగా తయారు చేసుకోదు, మల్బరీ ఆకులోంచి తీసుకుంటుంది. ఆకులోని కెరోటినాయిడ్లు పేగు గోడ దాటి రక్తంలోకి, అక్కణ్ణుంచి పట్టుగ్రంథిలోకి చేరాలంటే మోసే ప్రొటీన్లు కావాలి. అందులో ఒకదాన్ని తయారు చేసే జన్యువుకు పరిశోధకులు పెట్టిన పేరు వై. 2007లో టోక్యో శాస్త్రవేత్తలు దాని గుట్టు విప్పారు. తెల్లగూటి జాతుల్లో ఆ జన్యువులోంచి ఒక ముక్క ఎగిరిపోయింది. అందుకే ప్రొటీన్ తయారు కాదు, రంగు రక్తం దాకా రాదు. సంకరానికి తండ్రి నుంచి చెడిన ప్రతి వచ్చినా తల్లి నుంచి మంచిది ఒకటి వస్తుంది. మోతకు అదొక్కటి చాలు. బహిర్గతం, అంతర్గతం అని బడి పుస్తకాలు బెదిరించే వ్యవహారమంతా ఇక్కడ ఇంతే.

ఈ సంగతి మొదట పట్టుకున్నాయన తొయామా కమెతారో. ఆయన గురించి చదవడం మొదలుపెడితే నాకు పుస్తకం మూయబుద్ధి కాదు. 1867లో పుట్టిన జపాన్ పండితుడు. 1900లో ఐరోపాలో మెండెల్ బఠాణీల వ్యాసం దుమ్ము దులుపుకుని బయటికొచ్చింది. రెండేళ్లకు తొయామాను సియాం ప్రభుత్వం, అంటే నేటి థాయ్‌లాండ్, పట్టు పరిశ్రమను బాగుచేయమని పిలిపించుకుంది. అక్కడి పురుగులు మన మైసూరు పురుగులకు వరస కలిసేవే: ఉష్ణదేశం, ఏడాదికి ఎన్నో తరాలు, పసుపు గూళ్లు. వాటిని ఆయన తెల్లగూటి జపాన్ జాతులతో జతకట్టించాడు. మొదటి తరం అంతా పసుపు. ఆ పిల్లల్ని వాటిలో వాటికే జతకట్టిస్తే మూడు పసుపుకు ఒక తెలుపు. బఠాణీల లెక్కే, పురుగుల్లో. ఆ ఫలితాల్ని 1906లో అచ్చువేశాడు.

అక్కడితో ఆగితే ఆయన మంచి శాస్త్రవేత్త, అంతే. కానీ ఐరోపా తెల్లగూటి జాతులు కొన్ని ఈ లెక్కకు ఎదురు తిరిగాయి. వాటితో కలిపితే పసుపే ఓడిపోయేది. చేతగానివాడైతే మెండెల్‌దే తప్పనేవాడు. తెలుపులు రెండు రకాలని తొయామా తేల్చాడు: రంగు మోయడం చేతకాని తెలుపు ఒకటి, రంగును అడ్డుకునే తెలుపు ఇంకొకటి. పైగా మొదటి తరం సంకరాలు తల్లిదండ్రుల కంటే దిటవుగా ఉండి మంచి గూళ్లు కడతాయనీ, రైతులకు అవే గుడ్లు ఇవ్వమనీ సర్కారుకు చెప్పాడు. 1914 నుంచి జపాన్ ఆ దారి పట్టింది. 1918లో ఆయన పోయాడు.

మైసూరు వైపు కథ ఇంత వివరంగా దొరకదు. టిప్పు సుల్తాన్ 1780ల్లో బెంగాల్‌కు మనుషుల్ని పంపి పురుగులు తెప్పించాడు. ఆ తర్వాత నూరేళ్లు మన నాటు జాతిని ఈ ఎండకూ ఈ ఆకుకూ అలవాటు చేసినవాళ్లు ఊరూపేరూ లేని ఆడవాళ్లూ మగవాళ్లూ. ఏ గూడు విత్తనానికి ఉంచారో, ఏది మరిగించారో ఎవరూ రాసుకోలేదు. తొయామా చేసిన పనిలో సగం వీళ్లు కాగితం లేకుండానే చేశారని నా నమ్మకం. 1896 ప్రాంతంలో జంషెట్‌జీ టాటా బెంగళూరులో జపాన్ నిపుణులతో పట్టు క్షేత్రం పెట్టించాడు. ఇటలీ నుంచి వాషింగ్టన్ మారి అనే పట్టు నిపుణుడు వచ్చాడు. 1920ల్లో మైసూరు తల్లికి విదేశీ తండ్రి అనే పద్ధతి మొదలైంది. 1925లో జపాన్ నిపుణుడు యోనెమురా, ఎన్. రామారావు కలిసి రాసిన పట్టు పరిశ్రమ చేతిపుస్తకాన్ని మైసూరు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. సీఎస్‌ఆర్-2 వచ్చింది మాత్రం 1990ల్లో, జపాన్ సాయంతో మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ చేతిలో.

తల్లి మైసూరుదే ఎందుకు కావాలి? గుడ్డు నిద్రపోవాలా, పది రోజులకే పొదగాలా అన్నది తండ్రి చేతిలో లేదు, తల్లి చేతిలో ఉంది. చలిదేశపు తల్లి పెట్టిన గుడ్డు నల్లబడి నెలల తరబడి పడుకుంటుంది. మైసూరు తల్లి గుడ్డు లేతరంగులోనే ఉండి వెంటనే పురుగవుతుంది. ఆ నిద్రగుడ్డును నల్లబరిచే రంగుద్రవ్యమూ సీతాకోక కంటిని నల్లగా చేసేదీ ఒకే కుటుంబానివి. కొన్ని జన్యువులు చెడితే గుడ్డు తెల్లబడుతుంది, దాంతోపాటు కన్నూ తెల్లబడుతుంది.

ఇంత వంశగౌరవం ఉన్న పసుపు చీర దాకా రాదు. రంగు దాదాపు అంతా ఉండేది దారం పైనుండే జిగురులో. సబ్బునీళ్లలో ఉడికించి ఆ జిగురు తీసేస్తే దానితోపాటే పోతుంది. పైగా మైసూరు నాటు గూటి దారం పొట్టి, తెల్లగూటి సంకరాలది వెయ్యి మీటర్లు దాటుతుంది. అందుకే ఇవాళ సర్కారు సలహా అంతా తెల్లగూటి వైపే. లెక్క తప్పని నేననను. కానీ నాటు జాతిని నిలుపుతున్న మాగడి, కుణిగల్ విత్తన రైతులు చేతులెత్తేస్తే సీబీకి తల్లి ఉండదు. సీబీ గూళ్లనే విత్తనానికి ఉంచుకుందామంటే, తర్వాతి తరంలో తెలుపూ పసుపూ కలగలిసి దిగుతాయి, దారమూ ఒక తీరున రాదు. ఎండకు తట్టుకునే మొండితనం పోయాక ఏ ప్రయోగశాల తిరిగిస్తుంది?

జపాన్‌వాళ్లు ఈ పసుపుతో ఇంకో చమత్కారం చేశారు. వికిరణంతో రంగు జన్యువున్న ముక్కను విరిచి ఆడ క్రోమోజోముకు అతికించారు. అప్పుడు ఆడవి పసుపు గూడు, మగవి తెల్లగూడు కడతాయి. విత్తన కేంద్రంలో ఆడ మగ వేరుచేయడానికి గూడు రంగు చూస్తే చాలు. ఆ ఏర్పాటు లేని చోట గూడు కోసి, ప్యూపాను బయటికి తీసి, తిరగేసి, తోక దగ్గర ఎనిమిదో ఖండం మీద ఇంటూ గుర్తుంటే ఆడ, తొమ్మిదో దాని మీద చుక్క ఉంటే మగ అని ఒక్కొక్కటిగా విడదీయాలి. ఆ పనికి కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే, చూపు వాళ్లది, కూలీ రోజు లెక్కన.