తొడ

తొడ అచ్చతెలుగు మాట. తమిళంలో తొడై, కన్నడంలో తొడె దీని తోబుట్టువులే. సంస్కృతంలో ఊరువు; నారాయణుడి ఊరువు నుంచి పుట్టింది కనుక ఊర్వశి అంటుంది పురాణం. విరాటపర్వం నుంచి భారతాన్ని తెలుగు చేసిన నెల్లూరి తిక్కన, దుర్యోధనుడి తొడలు విరిగిన ఘట్టాన్నీ మనకిచ్చాడు. సవాలు విసరాలంటే తొడ కొట్టాలి. బడిలో పంతులు తొడపాశం పెట్టేవాడు. పౌరుషానికీ శిక్షకూ అదే చోటు.

ఇప్పుడు ఆ మాట పక్కకు ‘థై లిఫ్ట్’ అనే శస్త్రచికిత్స చేరింది. బాగా బరువు తగ్గినవాళ్లకు లోపలి తొడల చర్మం వేలాడుతుంది. నెల్లూరు తీరాన మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో, చెమటలో ఒరుసుకుంటే నాలుగడుగులు వేయడమే కష్టం. ఆ బాధను అందాల పిచ్చి అని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే లిఫ్ట్ అన్న మాట మెత్తనిది. జరిగేది కోత. గజ్జల్లో, చర్మం ఎక్కువుంటే మోకాలి దాకా కోసి, మిగులు తీసి కుడతారు. బరువు కొన్ని నెలలు నిలకడగా ఉండాలి, పొగ మానాలి. తర్వాత బిగుతు దుస్తులు వారాల తరబడి వేసుకోవాలి. వాపు తగ్గడానికి నెలలు పడుతుంది. మచ్చ పలచబడుతుంది, పోదు. గజ్జల్లో తడి చేరి కుట్లు విడే ప్రమాదముంది గనుక అక్కడ పొడిగా ఉంచుకోవాలి. మొదట్నుంచే మెల్లగా నడవాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.