గొట్టంలోని గుట్టు

మోటారు సైకిలు వెనుక వ్రేలాడే సైలెన్సరును ఇంటి పెరట్లో కూర్చుండి కోయడం, చిల్లులు పెట్టడం, లోపలి బాఫిల్‌ను ఊడబెరకడం నేడు మన ఊళ్ళలో కొందరు యువకులకు ఒక వ్రతమైనది. బండికి ఊపిరి ఆడనిస్తే అది పరుగెత్తుతుందన్నది వారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతం పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఇందులో నిజమెంతో తెలియాలంటే ఆ గొట్టం చరిత్రను కొంత తరచి చూడవలసి ఉన్నది. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికిన వాడికి ఈ ఇనుప గొడవ ఎందుకని చదువరులు అడుగవచ్చు. ప్రబంధానికైనా పొగగొట్టానికైనా ఒక చరిత్ర ఉంటుంది. అది తెలియని చేతులలో పడిన వస్తువు త్వరగా పాడవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మాట సంగతి. ఆంగ్లేయులు దీనిని సైలెన్సరు అన్నారు, అమెరికా వారు మఫ్లరు అన్నారు. నిశ్శబ్దం చేసేది ఒకటి, గుడ్డ చుట్టి గొంతు అణచేది మరొకటి. బుల్లెట్టు బండ్లు ఇంగ్లండు నుంచి మద్రాసుకు వచ్చి, 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడిన దేశం మనది గనుక మనకు సైలెన్సరే స్థిరపడినది. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కొలంబస్ పట్టణానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజను మఫ్లరుకు పేటెంటు పొందినారు. ఈ కథలో మరొక తండ్రీ కొడుకులు ఉన్నారు. తండ్రి హైరమ్ మాగ్జిమ్, తన పేరుతోనే ప్రసిద్ధమైన మెషిన్ గన్‌ను నిర్మించినవాడు. ఆ తుపాకుల మ్రోత మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి చెవుడు తెచ్చుకొన్నాడు. కొడుకు హైరమ్ పెర్సీ మాగ్జిమ్ తుపాకికి సైలెన్సరు కనిపెట్టి 1909లో పేటెంటు పొందినాడు. ఆయన సంస్థ తరువాత ఇంజన్లకు కూడా సైలెన్సర్లు చేసినది. తండ్రి లోకానికి ఇచ్చిన మ్రోతను కొడుకు అణచవలసి వచ్చినదన్నమాట.

మ్రోతకూ ఇరుగుపొరుగుకూ తగవు కూడా పాతదే. ఇంగ్లండులో వేబ్రిడ్జి వద్ద 1907లో బ్రూక్‌లాండ్స్ అనే పందెపు బాట తెరిచారు. చుట్టుపక్కల ఇళ్ళవారు ఆ రొద భరించలేక న్యాయస్థానం దాకా వెళ్ళారు. ఫలితంగా 1920లలో అక్కడ పందెపు బండ్లకు సైతం సైలెన్సరు తప్పనిసరి అయినది. ఆ డబ్బా ఆకారపు సైలెన్సరుకు ఆ బాట పేరే నిలిచిపోయినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం లండనులో ఏస్ కేఫ్ వంటి చోట్ల చేరే కుర్రవాళ్ళు నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను కూర్చి 'ట్రైటన్' అని పేరు పెట్టుకొన్నారు. బండిని సొంత చేతులతో మార్చుకొనే నేటి ఆచారానికి వీరు పూర్వీకులలో ఒకరు.

అయితే గొట్టానికి అసలు విద్య నేర్పినవాడు తూర్పు జర్మనీ వాడు. పేరు వాల్టర్ కాడెన్. యుద్ధకాలంలో పీనెముండెలో ఆయుధ పరిశోధనలో పనిచేసినవాడు. 1953లో చోపౌ పట్టణంలోని మోటారు సైకిళ్ళ కర్మాగారంలో పందెపు విభాగానికి అధిపతి అయినాడు. తరువాత ఎంజెడ్‌గా పేరొందినది ఆ కర్మాగారమే. యుద్ధానికి ముందు అక్కడి డీకేడబ్ల్యూ టూ-స్ట్రోక్ బండ్లు గాలిని బలవంతంగా ఇంజనులోకి నెట్టే సూపర్‌ఛార్జరుతో గెలిచేవి. యుద్ధం ముగిశాక అంతర్జాతీయ పందెపు నియమాలు దానిని నిషేధించినవి. టూ-స్ట్రోక్‌కు చేయి విరిగినట్లయినది. పశ్చిమ జర్మనీకి తరలిన డీకేడబ్ల్యూలో ఎరిక్ వోల్ఫ్ గొట్టాన్ని మధ్యలో ఉబ్బించి చూశాడు. కాడెన్ ఆ ఉబ్బుకు కారణం వెదికాడు. గొట్టంలో కలిగే ఒత్తిడి అలలను ఆసిలోస్కోపుతో పరిశీలించాడు.

ఆయన గ్రహించిన మర్మం ఇది. ఇంజను రంధ్రం తెరుచుకోగానే కాలిన వాయువు ఒక అలగా గొట్టంలో పరుగెత్తుతుంది. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట ఆ అల ఒక పీల్చే అలగా వెనుకకు తిరిగి, మిగిలిన పొగను లాగివేసి, తాజా పెట్రోలు గాలికి దారి ఇస్తుంది. తరువాత గొట్టం మరల సన్నబడే చోట తగిలి నెట్టే అలగా తిరిగివస్తుంది. బయటకు జారిపోబోయే తాజా గాలిని, రంధ్రం మూసుకొనే లోపల, సిలిండరులోకి తోస్తుంది. నిషేధించిన సూపర్‌ఛార్జరు పనిని రేకు శంకువులు చేసిపెట్టినవి! 1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజను నుంచి 25 అశ్వశక్తిని, అంటే లీటరుకు 200 లెక్కన, రాబట్టినాడు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఇంజను నిమిషానికి 10,000 సార్లు తిరిగితే ఒక చుట్టుకు 6 మిల్లీ సెకండ్లు. పొగ రంధ్రం సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుంది, అంటే 3 మిల్లీ సెకండ్లు. వేడి వాయువులో అల వేగం సెకండుకు సుమారు 500 మీటర్లు. కనుక ఆ వ్యవధిలో అల 1.5 మీటర్లు పోగలదు. పోయి రావాలి గనుక గొట్టం పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. అదే ఇంజను 6,000 చుట్ల వద్ద బాగా లాగాలంటే పొడవు 1.25 మీటర్లు కావాలి. ఇది ముతక లెక్కే కాని భావం స్పష్టం. రోజూ సంతకు పోయే బండి గొట్టాన్ని నరికితే దాని బలం అందని ఎత్తుకు పోతుంది. మనం నడిపే వేగంలో మాత్రం నీరసపడుతుంది. మ్రోత పెరిగినది కనుక బలం పెరిగినట్లు చెవికి తోస్తుంది, అంతే.

ఈ విద్య లోకమంతా పాకిన తీరు ఒక రాజకీయ కథ. కాడెన్ బండ్లపై పందెం తోలే ఎర్నెస్ట్ డెగ్నర్ 1961 సెప్టెంబరులో, బెర్లిన్ గోడ లేచిన నెల దాటగానే, స్వీడన్ పందెం నుంచి పశ్చిమానికి పారిపోయినాడు. అప్పటికే భార్యాబిడ్డలు రహస్యంగా సరిహద్దు దాటారు. గొట్టపు రహస్యాలు అతనితో సుజుకీకి చేరినవి. 1962లో 50 సీసీ ప్రపంచ పోటీని సుజుకీ బండిపై అతడే గెలిచాడు. కాడెన్ మాత్రం చోపౌను విడువక, 1996లో మరణించాడు. జపాను కంపెనీలు ఆ సూత్రాన్ని వీధి బండ్లకు దించినవి. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఆ పరంపరలోనివే. మన కుర్రవాళ్ళు రంపంతో కోసిన ఆర్ఎక్స్ గొట్టంలో చోపౌ వాసన ఉన్నది.

నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా మెకానిక్కు షెడ్డు నడుపుతున్నాడు. "బాఫిల్ తీసెయ్యమంటారు మాస్టారూ. తీస్తే నాలుగు రోజులకు వచ్చి లాగుడు తగ్గిందంటారు. నేను కాదంటే ఇంట్లో రంపం పెట్టి కోసుకుంటారు" అన్నాడు. నేను చెప్పిన మాట అతనికి రెండవసారి చెప్పవలసి వచ్చినది. ఇప్పుడతడు మనిషి పెదవులు చూచి మాట గ్రహిస్తున్నాడు. మాగ్జిమ్ తండ్రి జ్ఞప్తికి వచ్చినాడు. చిన్నప్పుడు పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పిన చెవులవి.

నేటి ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఈ ప్రమాదం మరొక రూపం దాల్చినది. 2020 ఏప్రిలు నుంచి బీఎస్-6 బండ్లలో గొట్టంలోనే కెటాలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సరు ఉంటున్నవి. గొట్టం కోసినవాడు ఇంజను మెదడుకు పోయే వార్తను చెరిపివేస్తున్నాడు. చట్టం కూడా మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతి లేని మార్పును నిషేధిస్తున్నది. 2019 సవరణ తరువాత 190వ సెక్షను కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరినవారికి మూడు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా పడవచ్చు. పోలీసులు పట్టుకొన్న సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద నలిపించడం మన నగరాలలో చూస్తూనే ఉన్నాము.

రోలరు ఆ గొట్టాన్ని నలపగలదు కాని, దానిని కోయించిన అపోహను నలపలేదు. ఆ పని బడిలో జరగవలసినది. ఆసక్తి గల కుర్రవానికి రంపానికి ముందు కాగితం, పెన్సిలు ఇచ్చి అల పోయి వచ్చే కాలం లెక్క వేయించండి. సొంత చేతులతో గొట్టం చేయాలన్న కోరిక చెడ్డది కాదు, కాడెన్‌కూ ఉన్నది అదే. అటువంటి కోరికకు తగిన చోటు ఇంజనీరింగు ప్రయోగశాల, పందెపు బాట. పసిబిడ్డలూ వృద్ధులూ నిద్రించే వీధి కాదు. నిండు కుండ తొణకదని పెద్దలు అన్నారు. బలమున్న ఇంజనుకూ ఆ మాట వర్తిస్తుంది.