రాచకొండ, దేవరకొండల రేచర్ల పద్మనాయకులు

హాలియాకు పడమట దేవరకొండయు, ఈశాన్యమున మిర్యాలగూడ చెంతనున్న ఆమనగల్లును, వాయవ్యమున రాచకొండయు కలవు. (శ్రీశైలము బాటమీద మరియొక ఆమనగల్లు కలదు, మేము చెప్పునది అది కాదు.) రేచర్ల పద్మనాయకుల ఉదయాస్తమయములకు ఈ మూడు స్థలములే సాక్షులు. కావున ఈ ప్రాంతీయులకు ఆ చరిత్ర పరాయిది కాదు.

వంశమూలపురుషుడగు చెవిరెడ్డికి భేతాళనాయకుడని నామాంతరము. కాకతి గణపతిదేవుని కాలమున ఆతడు ఆమనగల్లున నుండెను. ఆ వంశమువాడే యగు ప్రసాదిత్యనాయకుడు రుద్రమదేవి సింహాసనమును నిలుపుటకు తోడ్పడెను. ఎరదాచానాయకుడు ప్రతాపరుద్రుని పక్షమున పాండ్యులతో పోరి కీర్తి గాంచెను. 1323లో ఓరుగల్లు కూలిన పిదప సేవకులుగా నున్నవారు స్వతంత్రులైరి. 1361లో సింగమనాయకుడు జల్లిపల్లి ముట్టడిలో క్షత్రియుల కపటమునకు బలియయ్యెను. ఆయన కుమారులు అనపోతనాయకుడును మాదానాయకుడును తండ్రి పగ తీర్చుకొనిరి. అన్న రాచకొండను దృఢదుర్గముగా కట్టించి రాజధాని చేసికొనెను. తమ్ముడు దేవరకొండ నేలెను. అన్నదమ్ములు కలహింపక రెండు దుర్గముల నుండి ఒకే రాజ్యమును కాపాడుటయే వంశోన్నతికి ముఖ్యకారణమని మా తలంపు.

ఇచ్చట మనవారు సాధారణముగా దాటవేయు విషయమొకటి కలదు. 1336లో ఢిల్లీ సేనలను ఓరుగల్లునుండి తరిమిన ముసునూరి కాపయనాయకుడు, 1368 ప్రాంతమున భీమవరము యుద్ధమున అనపోతనాయకుని సేనల చేతనే హతుడయ్యెను. 1369 నాటి ఐనవోలు శాసనమున అనపోతనికి 'ఆంధ్రదేశాధీశ్వరుడ'ను బిరుదము కనబడుచున్నది. ఆ బిరుదమును సభలలో చదువువారు అది ఎవరి నెత్తుటితో లభించినదో కూడ చదువవలెను. బహమనీలకు గోలకొండ నిచ్చి కాపయ అప్పటికే బలముడిగి యుండెను. అయినను ఆయనను కూల్చుటచే లాభము పొందినది తుదకు బహమనీలే.

అనపోతుని కుమారుడు సింగభూపాలుడు ఖడ్గముతోపాటు గంటమును చేపట్టినవాడు. మూడు విలాసముల 'రసార్ణవసుధాకరము'ను నేటికిని అలంకారశాస్త్ర విద్యార్థులు చదువుచున్నారు. విశ్వేశ్వరకవి 'చమత్కారచంద్రిక' ఆ ప్రభువు ఆశ్రయముననే వెలసినది. దుర్గములు శిథిలమైనవి గాని ఈ గ్రంథములకు జీర్ణత లేదు.

జపానుదేశపు సమురాయి వంశములలో తైరావారు 1185లో దాన్‌నోఉర సముద్రయుద్ధమున ఒక్కదినమున నశించిరి. రేచర్లవారి క్షయమట్టిది కాదు. అది మెల్లగా సాగినది. కొండవీటి రెడ్లతో తరములు దాటిన పగ. విజయనగరముతోను బహమనీలతోను నేడు మైత్రి, రేపు వైరము. 1424లో అహమ్మదుషా ఓరుగల్లును పట్టుకొనెను. రాచకొండకును నిలుకడ తప్పెను. 1458-59లో హుమాయూనుషా సేనలు దేవరకొండను ముట్టడింపగా లింగమనీడు కటకపు కపిలేశ్వర గజపతికి వర్తమాన మంపెను. గజపతి కుమారుడు హంవీరుడు వచ్చెను. వెలుపలినుండి ఒడ్డెసేనయు, కోటనుండి లింగమనీడును తాకగా నడుమ చిక్కిన బహమనీసేన చెల్లాచెదరయ్యెను. 1460లో ఓరుగల్లును హంవీరుని వశమయ్యెను. ఘనవిజయమే, సందేహము లేదు. కాని అది పొరుగువాని బలముతో గెలిచిన విజయము. గజపతులు వెనుదీయగనే కొండలు రెండును మరల బహమనీల చేజిక్కినవి.

వంశీయులలో కొందరు కృష్ణ దాటి పోయిరి. వెంకటగిరి వెలుగోటివారును, జటప్రోలు సురభివారును ఆ శాఖలవారే. 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన 'వెలుగోటివారి వంశావళి' లేకున్నచో పై కథలో సగము మనకు దక్కెడిది కాదు. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో వెంకటగిరి జమీయు, 1949లో హైదరాబాదు జాగీర్ల రద్దుతో జటప్రోలు సంస్థానమును ముగిసినవి.