1969 రాష్ట్రపతి ఎన్నికలు - కాంగ్రెస్ అభ్యర్థి ఎంపిక

1969 ఆగష్టు 16న జరిగిన భారత రాష్ట్రపతి ఎన్నికలలో కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్ర అభ్యర్థి వరాహగిరి వేంకటగిరి చేతిలో ఓడిపోయాడు. ఇద్దరూ తెలుగువారే. పార్టీ ఎంపికను ఆ పార్టీ సభ్యులే అనేకులు తిరస్కరించిన ఎన్నికగా ఇది ప్రసిద్ధి పొందినది.

ఎంపిక విధానం

అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని నిర్ణయించేందుకు రాష్ట్రాలవారీగా ప్రాథమిక ఎన్నికలు (ప్రైమరీలు) జరుగుతాయి. భారతదేశంలో అటువంటి పద్ధతి లేదు. 1969లో కాంగ్రెస్ అభ్యర్థిని కొద్దిమంది సభ్యులు గల పార్లమెంటరీ బోర్డు నిర్ణయించినది.

రాష్ట్రపతిని ఎన్నుకొనే హక్కు కూడా పార్లమెంటుకు, శాసనసభలకు ఎన్నికైన సభ్యులకే ఉంటుంది. ఉదాహరణకు, యాదగిరిగుట్ట ఓటర్ల తరఫున ఆలేరు శాసనసభ్యుడు, భువనగిరి లోక్‌సభ సభ్యుడు ఓటు వేస్తారు. శాసనసభ్యుని ఓటు విలువ రాష్ట్ర జనాభాను బట్టి మారుతుంది. 1969లో ఆంధ్ర ప్రదేశ్‌కు 287 మంది శాసనసభ్యులు, ఒక్కొక్కరి ఓటు విలువ 125.

బెంగుళూరు నిర్ణయం

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించడంతో ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. జూలైలో బెంగుళూరులో సమావేశమైన బోర్డులో ప్రధానమంత్రి ఇందిరా గాంధీ జగ్జీవన్ రామ్ పేరును ప్రతిపాదించినది. మెజారిటీ సభ్యులు లోక్‌సభ స్పీకరు సంజీవరెడ్డిని ఎంపిక చేశారు. గిరి తన పదవికి రాజీనామా చేసి స్వతంత్రునిగా పోటీకి దిగాడు.

సంజీవరెడ్డి నామినేషనును మొదట బలపరచిన ఇందిరా గాంధీ, తరువాత పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప కోరినా విప్ జారీ చేయక, సభ్యులు తమ అంతరాత్మ ప్రకారం ఓటు వేయాలని పిలుపునిచ్చినది.

ఫలితం

మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువగల ఓట్లు లభించాయి. గెలుపునకు 4,18,169 అవసరం కాగా ఎవరికీ అంత రాలేదు. రెండవ ప్రాధాన్యత ఓట్లను కలిపిన తరువాత గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 పొందారు.

పర్యవసానం

అదే సంవత్సరం నవంబరు 12న ఇందిరా గాంధీని పార్టీ నుండి బహిష్కరించడంతో కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. సంజీవరెడ్డి 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాల నుండి లోక్‌సభకు ఎన్నికై, అదే సంవత్సరం పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు.